లెక్కలోకి రాని సలోమి

మూత 34వ రోజు

వెతికే మనిషి రోజూ చిట్టా రాయాలని మీ ఆటశాల నిబంధన. ఒక్కరోజు తప్పినా అనుమతి రద్దు. అందుకని రాస్తున్నాను. మీ మీద గౌరవంతో కాదు.

పేరు రాహేలు. వయసు యాభై నాలుగు. మూడో మేడ, పడమటి వరస. ఇంట్లో ముగ్గురం. నేను పెద్దదాన్ని. నా తర్వాత తమ్ముడు ఏలియా. ఆఖరిది సలోమి, దానికి నలభై ఒకటి.

సలోమి కళ్ళకు గంత కట్టుకుని ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు. ఎండకు పొద్దున ఎనిమిదింటికి తలుపులు మూస్తే సాయంత్రం ఆరుదాకా ఎవరూ బయట కాలు పెట్టలేని ఈ నలభై రోజుల మూతలో, జనం మీ గంత కట్టుకుని, ఒళ్ళు మంచంమీద వదిలి, గంతలో కనిపించే మీ ఊళ్ళో దాక్కోవడం కొత్త కాదు. మీ జీతపు దొంగలు వచ్చి పట్టుకుంటారు. గంత దానంతట అదే జారుతుంది. లేచి అన్నం తింటారు. మా ఏలియా అట్లాగే లేచేవాడు. ఏడేళ్ళలో సలోమి ఎప్పుడూ ఆడలేదు. మొదటిసారి వెళ్ళింది, లేవలేదు.

మూత పదిహేనో రోజున ఇంట్లో మాటా మాటా వచ్చింది. మర్నాడు పొద్దున కట్టుకుంది. ఆ మాటలేమిటో మీకు అనవసరం.

ఇవాళ మీ ఆటశాలకు పోయాను. కిటికీలో కూర్చున్నతను నవ్వుతూ, "అభినందనలమ్మా, మీ చెల్లెలు గారు గెలిచేట్టున్నారు" అన్నాడు. నలభయ్యో రోజు అయిదింటిదాకా దొరకని మనిషి గెలిచినట్టు. దండ వేసి, మీ చల్లటి హాలుకు మోసుకుపోయి, వరసలో పడుకోబెడతారు. ఇక లేపరు. ఆ మనిషి మీ ఊరికి శాశ్వత నివాసి. ఇంటివాళ్ళకు కింది అంతస్తులో చల్లగది.

గంత చేత్తో లాగితే ఏమవుతుందో నాకు తెలుసు. పై వరసలో ఒకాయన తన భార్య గంత లాగాడు. ఆవిడ కళ్ళు తెరిచే ఉన్నాయి. చూడటం లేదు.

ఇంటికొక దొంగను పెట్టుకోవచ్చని మీ పుస్తకంలో ఉంది. మా చిన్నప్పుడు కూడా వెతికేవాణ్ణి దొంగ అనే అనేవాళ్ళం. నా పేరు రాయించాను. "ఈ వయసులోనా అమ్మా?" అన్నాడతను. కోపం వచ్చింది. ఇంటికొచ్చి ప్రార్థన చేసుకున్నాను. పోలేదు.

మూత 35వ రోజు

వేకువన సలోమిని పక్కకు తిప్పి పడుకోబెట్టాను. రెండు గంటలకోసారి తిప్పకపోతే వీపు పుండ్లు పడుతుంది. గొట్టంతో గంజి పోశాను. వట్టివేళ్ళ తడికలు తడిపాను. తొమ్మిదింటికి గంత కట్టుకున్నాను.

మీ ఊరు అందంగానే ఉంది. ఎండ లేదు. చెట్ల నీడలున్నాయి. దాక్కున్నవాళ్ళు ఏదో ఒక వస్తువుగా మారి కూర్చుంటారు, గొడుగో గంపో తొట్టో. దొంగ ఆ వస్తువును ముట్టుకుని మనిషి పేరు చెప్పాలి. పేరు తప్పితే ఒక తప్పు. మూడు తప్పులైతే ఆ రోజుకి బయటికి. దొంగ మాత్రం ఎప్పుడు కావాలంటే అప్పుడు గంత తీసెయ్యొచ్చు.

నడివీధిలో ఒక గుంజ ఉంది. దొంగ దానికి నుదురానించి వంద లెక్కపెట్టాలి. పక్కన ఒక చిన్న పీట.

లెక్కపెట్టి పరిగెత్తాను. సలోమి ఎక్కడ దాక్కుంటుందో నాకు తెలుసనుకున్నాను. వంటిళ్ళు వెతికాను. మంచాల కింద చూశాను. తలుపు వెనక బొంతను ముట్టుకుని సలోమి పేరు చెప్పాను. తప్పు. పిండి డబ్బాను ముట్టుకున్నాను. తప్పు. ఉయ్యాలను ముట్టుకున్నాను. తప్పు. పదకొండింటికల్లా బయటికి వచ్చి పడ్డాను.

దొంగలు ఆడేది వరస చివర తెరమీద అందరికీ కనిపిస్తుంది, మాటలు మాత్రం వినపడవు. పక్కగది మస్తాన్‌బీ పిన్నమ్మ చూసి వచ్చింది. డెబ్బై దాటింది. ఒకప్పుడు మీ దగ్గరే జీతానికి వెతికిన మనిషి.

"ఏందమ్మాయ్, తప్పిపోయిన కోడిపిల్లకోసం ఉరికినట్టు అట్టా ఉరికావు? తెర ముందు జనం ఒకటే నవ్వు."

"వెతకాలి కదా పిన్నమ్మా."

"వెతకడమంటే ఉరకడం కాదే. దొంగ నిలబడాలి. దాక్కున్నోళ్ళకి ఓపికుండదు. నువ్వు పది నిమిషాలు కదలకుండా ఉంటే వాళ్ళే కదుల్తారు. ఒకసారి చూసిన చోటికి మళ్ళీ పో. నువ్వు పోగానే అక్కడికే వచ్చి కూర్చుంటారు, ఇంక రాదులే అని. ముట్టుకోవడానికి తొందరపడమాక. నీకున్నయ్యి మూడే."

"మీరెందుకు మానేశారు ఆ పని?"

ఆవిడ వక్కలు కత్తిరిస్తూనే చెప్పింది. "కొందర్ని చూసీ చూడనట్టు వదిలెయ్యమనేవాళ్ళు. గెలిచినోళ్ళు కావాలంట, ఊరు ఖాళీగా ఉంటే ఎవరొస్తారని. పదకొండు మందిని వదిలేశాను. పన్నెండో మనిషి దగ్గర చేతగాలేదు. లేచొచ్చేశా."

ఇది మీరు చదువుతారని తెలిసే రాస్తున్నాను. చదవండి.

మూత 36వ రోజు

పరిగెత్తలేదు. నిలబడ్డాను. నడుం లాగితే గుంజ పక్క పీటమీద కూర్చున్నాను.

కూర్చుంటే ఒకటి తట్టింది. ముప్పై అయిదేళ్ళు ఇల్లు సర్దిన మనిషిని. ఏ వస్తువు ఎక్కడుండాలో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఎక్కడుండకూడదో కూడా. మీ కుర్ర దొంగలు నీడలు చూస్తారు, చప్పుళ్ళు వింటారు. వాళ్ళకు ఇల్లు తెలియదు.

మూడో ఇంటి గుమ్మానికి అడ్డంగా ఒక రోలు. రోకలి లేదు. ఏ ఇల్లాలూ గుమ్మానికి అడ్డంగా రోలు పెట్టదు. దగ్గరికి పోయి కదలకుండా నిలబడ్డాను. కాసేపటికి సన్నగా కూనిరాగం వినిపించింది. క్రిస్మస్‌కి చర్చి పిల్లలకు నేనే నేర్పిన పాట, రెండో చరణంలో ఎప్పుడూ శ్రుతి తప్పే గొంతు. "దానియేలూ" అని ముట్టుకున్నాను. రోలు మాయమైంది.

సాయంత్రం తలుపులు తీయగానే ఇంటిమీదికొచ్చాడు. ముప్పై రెండేళ్ళవాడు.

"నాలుగు రోజులాగితే గెలిచేవాణ్ణి టీచరమ్మా! నీ చెల్లెలు దొరక్కపోతే నామీద పడతావా?"

"నువ్వు శ్రుతి తప్పావు. పట్టుకున్నాను."

వెనకే వాళ్ళమ్మ వచ్చింది. కొడుకును ఏమీ అనలేదు. నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. వాడు అది చూసి తల దించుకుని పోయాడు.

మూత 37వ రోజు

తప్పులు రెండు. చెత్తకుప్ప పక్కన పెట్టిన నీళ్ళకుండ ఒకటి, తాళం లేని ఇంటి ముందు తాళంచెవుల గుత్తి ఒకటి. ఇద్దరూ మనుషులే. ఇద్దరూ సలోమి కాదు. వాళ్ళ పేర్లు నాకు తెలియవు. తెలిస్తే లేపేదాన్ని. ఆ తాళంచెవుల గుత్తి నన్ను చూసి నవ్వింది.

మధ్యమధ్య వచ్చి పీటమీద కూర్చున్నాను.

సాయంత్రం అన్నం దగ్గర ఏలియా నీళ్ళు నమిలాడు.

"అక్కా, ఒక మాటంటే కోపం తెచ్చుకోవుగా?"

"తెచ్చుకుంటాను. చెప్పు."

"ఇంకా మూడు రోజులే. దొరక్కపోతే ఏం చేస్తాం చెప్పు. అదేం చచ్చిపోవడం కాదుగా. అక్కడ చల్లగా ఉంటది. మనకీ కింద గది ఇస్తారంటున్నారు. నీకు ఆయాసం, నాకు చూడు ఒళ్ళంతా..."

"నీ వీపుమీద చెమటకాయలకోసం దాన్ని ఇచ్చేద్దామా?"

"అట్టా అనలేదక్కా."

"అట్టాగే అన్నావు."

కంచం తీసి కడిగేశాను, వాడింకా తింటుండగానే. తర్వాత సిగ్గుపడ్డాను. మళ్ళీ వడ్డించాను. వాడు తిన్నాడు. తింటూ ఏడ్చాడు. సలోమిని ఎత్తుకుని పెంచింది వాడు కూడా.

ప్రార్థనలో ఇవాళ మాటలు రాలేదు. మోకాళ్ళమీద ఊరికే ఉన్నాను.

మూత 38వ రోజు

పొద్దున్నే మేడమీద వడియాలు పెట్టి దిగాను. తొమ్మిదికల్లా ఎండిపోతాయి. పెట్టేటప్పుడు పిండి గిన్నె పక్కన మా పాత పీట వేసుకున్నాను. ముందు కాలు కొంచెం పొట్టి, కింద అట్టముక్క దోపాలి. దాన్ని చూస్తూ చాలాసేపు నిలబడ్డాను.

పీట వంటింటి వస్తువు. నడివీధిలో గుంజ పక్కన ఎవరు వేస్తారు?

మేమే వేసేవాళ్ళం. చిన్నప్పుడు వీధిలో ఆడేటప్పుడు సలోమి చాలా చిన్నది, కాళ్ళకడ్డం పడేది. "నువ్వు ఆటలో అరటిపండువి" అని గుంజ పక్కన ఈ పీటమీద కూర్చోబెట్టేదాన్ని. పిల్లలాటలో అరటిపండంటే, ఉన్నట్టే, కానీ లెక్కలేదు. దాన్ని ఎవరూ పట్టుకోరు. పట్టుకున్నా దొరికినట్టు కాదు. అది చప్పట్లు కొడుతూ కూర్చునేది. నా కంటికి గుంజ పక్కన పీట ఉండటం అంత మామూలు. అందుకే మూడు రోజులు చూడలేదు. చూడకపోవడం కాదు, దానిమీద కూర్చున్నాను.

గంత కట్టుకుని తిన్నగా గుంజ దగ్గరికే పోయాను. ముందు కాలు కింద అట్టముక్క ఉంది. మోకరించి, రెండు చేతులూ దానిమీద ఆనించి, "సలోమీ" అన్నాను.

ఏమీ కాలేదు. తప్పు అని రాలేదు. దొరికిందనీ రాలేదు. గుంజమీద అక్షరాలు వెలిగాయి: "ఈ వ్యక్తి లెక్కలోకి రారు."

అప్పుడు పీట మాట్లాడింది.

"రెండు రోజులుగా నామీదే కూర్చుంటున్నావు. బరువెక్కావు పెద్దక్కా."

"ఎందుకు పలకలేదు?"

"పలికితే దొరికినట్టా? వెతుకుతావేమో చూద్దామని. మొదటిరోజు ఎక్కడ వెతికావు? మంచం కింద. తలుపు వెనక. నాకింకా నాలుగేళ్ళే నీ లెక్కలో."

"లే. ఇంటికి పోదాం."

"ఎట్టా పోను? నన్ను ముట్టుకున్న ప్రతి దొంగా ఈ అక్షరాలే చదివి నవ్వి పోయాడు. ఎవరు రాయించారో తెలుసా ఆ మాట?"

తెలుసు. ఏడేళ్ళ కిందట గంతలు వచ్చిన కొత్తలో ఇంట్లో అందరి వివరాలూ నేనే రాసిచ్చాను. "ఈ వ్యక్తి ఆటలో లెక్కకు వస్తారా?" అని ప్రతి పేరు కింద అడిగారు. సలోమి పేరు కింద రారని రాశాను. దాన్నెవరూ ఇబ్బంది పెట్టకూడదనుకున్నాను. అప్పటికి దానికి ముప్పై నాలుగు.

"మంచికే రాశాను."

"మొన్న పైకప్పు పని జాబితాలోంచి నా పేరు కొట్టేయించిందీ మంచికే. పరీక్ష నెగ్గాను పెద్దక్కా. ఎండ తొడుగేసుకుని మూడు గంటలు సౌర పలకలు తిప్పాను, ఒక్కదాన్నే. నువ్వు ఆఫీసుకు పోయి, అది తట్టుకోలేదు, చిన్నది అన్నావు. వాళ్ళు నలభై ఏళ్ళ చిన్నదా అని నవ్వారు. ఎల్లుండి గెలిచినవాళ్ళ పట్టీలో నా పేరు పడుతుంది. ఒక్కచోటన్నా ఉంటది."

పదిహేనో రోజున మా ఇంట్లో వచ్చిన మాటలు అవి. మీకు అనవసరమన్నాను. ఇప్పుడు రాశాను.

గంత తీసి ఆటశాలకు పరుగున పోయాను. బయటి తలుపులు ఇంకా తెరవలేదు, మేడల మధ్య ఎండ సోకని చీకటి దారిగుండా పోయాను. నేను రాసింది నేనే మార్చుకుంటానన్నాను. కిటికీలో అతను, "మూత నడుస్తుండగా మార్చే వీల్లేదమ్మా. నలభై ఒకటో రోజున మార్చుకోండి" అన్నాడు.

"నలభయ్యో రోజున తీసుకుపోతారు కదా."

"అవునమ్మా. అభినందనలు."

కిటికీ అద్దం మీద చేత్తో కొట్టాను. పగల్లేదు. చెయ్యి వాచింది. యాభై నాలుగేళ్ళలో ఒక వస్తువుమీద చెయ్యి చేసుకోవడం ఇదే మొదలు. తప్పని అనిపించలేదు. నామీద ఎంత కోపమో మీమీద అంత. రెండిటిలో ఏదీ రెండోదాన్ని తగ్గించడం లేదు.

మస్తాన్‌బీ చేతికి పసుపు పట్టువేస్తూ అంతా విన్నది. విని అంది, "పిల్లలాటలో అరటిపండు పెద్దదయ్యాక లెక్కలోకి ఎట్టా వచ్చేదే, మీ వీధిలో?"

"ఈసారి నేను దొంగనవుతానని పేచీ పెట్టేది. ఒకసారి దొంగయితే ఇక ఆటలోకి వచ్చినట్టే."

"ఆఁ. పిల్లలాట మొత్తం ఎత్తుకొచ్చి పెట్టారు వీళ్ళు. ఆ నియమం కూడా వచ్చింది. తీసెయ్యడం మర్చిపొయ్యారు. నేను జీతంలో ఉన్నప్పుడు చూశా. దొంగ గుంజకి చెయ్యానించి, పేరు పెట్టి, ఈసారి నువ్వు అనాలి. అవతలి మనిషి సరే అనాలి. అంతే."

"అప్పుడు నేను?"

"నువ్వు దాక్కోవాల. అది నిన్ను పట్టుకోకపోతే ఎల్లుండి దండ నీకేస్తారు."

మూత 39వ రోజు, పొద్దున

ఇది ముందే రాసి పెడుతున్నాను. రేపు ఈ చిట్టా నా చేతిలో ఉండదు.

ఏలియాకు అన్నీ చెప్పాను. ఎవరికి గంజి, ఎవరిని ఎన్నింటికి తిప్పాలి, వడియాలు ఏ డబ్బాలో. వాడు "అది నిన్ను వెతక్కపోతే?" అన్నాడు. వెతక్కపోతే నేనేమీ అనను. అనడానికి ఉండను. దొంగయిన క్షణం నుంచి అది ఎప్పుడంటే అప్పుడు గంత తీసి లేవొచ్చు. ఇరవై నాలుగు రోజులు పడుకున్న ఒళ్ళు. మళ్ళీ కట్టుకోమని నేనడగను.

ఒకటి మాత్రం నిశ్చయించుకున్నాను. నిజంగా దాక్కుంటాను. దానికి తేలిగ్గా దొరకాలని తలుపు వెనక నిలబడను. అట్లా దొరికితే మళ్ళీ దాన్ని పీటమీద కూర్చోబెట్టినట్టే.

ప్రార్థన చేసుకున్నాను. కోపం పోలేదు. ఇక పొమ్మని అడగలేదు.

మూత 40వ రోజు

దొంగ ఎవరైతే చిట్టా వాళ్ళే రాయాలట. నా పేరు సలోమి. రాహేలు చెల్లెల్ని. మీ లెక్కలోకి నిన్న పదిన్నరకు వచ్చాను.

నిన్న పెద్దక్క గుంజకు వాచిన చెయ్యానించి "సలోమీ, ఈసారి నువ్వు" అంది. నేను వెంటనే సరే అనలేదు. కాసేపు అట్టాగే నిలబెట్టాను. నిలబడింది. బతిమాలలేదు. "నాకు దొరకాలని చూస్తావా?" అంటే, "చూడను. నీ ఓపిక" అంది. అప్పుడన్నాను సరే.

గుంజకు తల ఆనించి వంద లెక్కపెట్టాను. జీవితంలో మొదటిసారి. తల తిప్పితే పెద్దక్క లేదు.

ముందు గంత తీసి లేచాను. కాళ్ళు ఆనలేదు. ఏలియా అన్న గంజి పట్టాడు. పక్క మంచంమీద పెద్దక్క గంతతో పడుకుని ఉంది. తనను అట్టా పడుకుని ఉండగా చూసిన గుర్తు నాకు లేదు. నేను నిద్రపోయాక పడుకునేది, నేను లేవకముందే లేచేది. అన్నను అడిగి ఒకసారి పక్కకు తిప్పాను. అంత బరువేం లేదు.

మళ్ళీ కట్టుకున్నాను. నిన్న అయిదింటిదాకా వెతికాను. దొరకలేదు. ఇవాళ తొమ్మిదినుంచి మళ్ళీ. మస్తాన్‌బీ చెప్పినట్టు నిలబడ్డాను. ఏదీ కదలలేదు. పెద్దక్క పద్ధతిలో చోటు తప్పిన వస్తువులకోసం చూశాను. నాలుగు దొరికాయి, ఏదీ తను కాదని చూడగానే తెలిసింది. నిజంగానే దాక్కుంది. మూడింటికి భయమేసింది. నాలుగింటికి తిట్టాను, వీధి మధ్య నిలబడి, గట్టిగా. తెరమీద మాటలు వినపడవు కాబట్టి సరిపోయింది.

నాలుగున్నరకు ఆఖరి వీధిలో ఒక ఇల్లు చూశాను. మీ ఊరంతా చిందరవందర. అది మీ పనివాళ్ళు చేసిన అందం. ఆ ఒక్క ఇంటి అరుగు మాత్రం ఊడ్చి ఉంది. చాప చుట్టి గోడకు నిలబెట్టి ఉంది. గిన్నెలు కడిగినట్టు సైజు వారీగా బోర్లించి ఉన్నాయి, గుండిగ నుంచి ముంతదాకా తొమ్మిది. తను వస్తువై దాక్కునే ముందు చుట్టూ సర్దుకుంది. సర్దకుండా ఉండలేకపోయింది.

పెద్దక్క కాబట్టి పెద్ద గుండిగ అనుకున్నాను. ముట్టుకుని పేరు చెప్పాను. తప్పు. రెండోది, మేం అన్నం వండే గిన్నెలాంటిది. తప్పు. ఒక్క అవకాశమే మిగిలింది. అయిదింటికి పన్నెండు నిమిషాలు.

చేతులు కట్టుకుని కూర్చున్నాను. మా ఇంట్లో వరస గురించి ఆలోచించాను. వడ్డించేటప్పుడు ముందు నేను, తర్వాత అన్న, అడుగున మిగిలింది తనకు. ఆఖర్న గోడవైపు చిన్న ముంత. దాని అంచు నేలకు సరిగ్గా ఆనలేదు, కింద అట్టముక్క దోపి ఉంది.

"రాహేలు" అన్నాను. అక్కా అనలేదు. పేరే పెట్టి పిలిచాను.

నాలుగూ యాభై రెండుకు దొరికింది. రాసుకోండి.

ఇప్పుడు పక్కనే కూర్చుని గంజి తాగుతోంది. "మర్యాదగా రాయి" అంటోంది. మర్యాదగానే రాస్తున్నాను పెద్దక్కా. మీ మనిషి దండ పట్టుకుని అయిదింటికి వచ్చాడు. అన్న దాన్ని తీసుకుని తడికకు కట్టాడు, తడిపితే ఇంకో పూట చల్లగా ఉంటుందని.

మస్తాన్‌బీ ఇక్కడే ఉంది. వదిలేసిన పదకొండు మంది పేర్లు ఒక్కొక్కటే గుర్తు చేసుకుని చెబుతోంది. ఎవరు ఏ వస్తువుగా ఎక్కడ ఉండేవాళ్ళో కూడా. పెద్దక్క రాసుకుంటోంది. వాళ్ళు మీ హాల్లో ఇంకా ఊపిరి పీలుస్తూనే ఉన్నారు, మీ ఊళ్ళో ఇంకా దాక్కునే ఉన్నారు. గెలిచినవాళ్ళను వెతకకూడదని మీ పుస్తకంలో ఎక్కడా లేదు. మొత్తం చదివాం.

వచ్చే మూతకు దొంగలుగా ఆ పదకొండు ఇళ్ళవాళ్ళూ పేర్లు రాయిస్తారు. మా ఇంటినుంచి దొంగ నేనే. లెక్కకు వస్తారా అని అడిగితే, వస్తానని నేనే రాసుకుంటాను.